ఐరిష్ వంట ఇంట్లో చేయాలంటే కార్క్ ఇంగ్లిష్ మార్కెట్‌కు వెళ్ళండి

ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో గానీ ఆ చుట్టుపక్కల గానీ ఉంటూ, ఐరిష్ వంటలు ఇంట్లో చేసి పిల్లలకు పెట్టాలని మీ మనసులో ఉంటే, వంటల పుస్తకం కొనేముందు ఒక శనివారం పొద్దున్నే అక్కడి పాత ఆహార బజారు ఇంగ్లిష్ మార్కెట్‌కు వెళ్ళండి. ఏడాదిన్నరగా దాదాపు ప్రతి శనివారం నేను వెళ్తున్నాను. అక్కడ కొన్న సరుకుతోనే మా ఇంట్లో గొర్రె మాంసం స్ట్యూ, కోల్‌కానన్ (ఆకుకూర కలిపి మెదిపిన బంగాళాదుంపలు), బేకన్‌తో (ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం) క్యాబేజీ, సోడా బ్రెడ్ తయారవుతున్నాయి. సరుకు బాగుంటుందని చాలామంది చెబుతారు, అది నిజమే. కానీ నన్ను అక్కడికి మళ్ళీ మళ్ళీ రప్పించేది సరుకు ఒక్కటే కాదు. కౌంటర్ వెనక నిలబడ్డవాళ్ళు దాన్ని ఎలా వండాలో చెప్పి మరీ పంపిస్తారు.

మేము కార్క్‌కు వచ్చి తొమ్మిదేళ్ళయింది. మొదటి ఏడేళ్ళూ ఆ మార్కెట్ గుండా ఒక వీధి నుంచి ఇంకో వీధికి నడిచి వెళ్ళామే తప్ప ఏమీ కొనలేదు. ఒక అక్టోబరులో మా పాప బడి నుంచి వచ్చి, హాలోవీన్ రాత్రి ఇంట్లో ఏమి తింటారో టీచర్ ఒక్కొక్కరినీ అడిగారని చెప్పింది. కొందరు బ్రాక్ అనే ఎండు ద్రాక్ష రొట్టె అన్నారట, కొందరు కోల్‌కానన్ అన్నారట. "మన ఇంట్లో ఎందుకు చేయవు అమ్మా? మనమూ ఇక్కడివాళ్ళమే కదా?" అని అడిగింది. తను పుట్టింది కార్క్‌లోనే. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ వారమే మొదలుపెట్టాను.

మొదటి ప్రయత్నం బేకన్, క్యాబేజీ. ఒక సూపర్ మార్కెట్‌లో ప్లాస్టిక్ కవరులో బిగించిన ముక్క తెచ్చి, దాని మీద రాసినన్ని నిమిషాలు ఉడికించాను. రెండో ముద్ద ఎవరూ నోట్లో పెట్టలేకపోయారు. అంత ఉప్పు. ఆ ముక్కను ఉప్పులో ఊరబెట్టి ఉంటారనీ, వండేముందు ఆ ఉప్పును దింపాలనీ కవరు మీద ఒక్క మాట లేదు. పాప ఏమీ అనకుండా క్యాబేజీ మాత్రం తిని లేచింది. ఆ రాత్రి నాకు చాలా బాధ వేసింది. తరువాతి శనివారం నేరుగా మార్కెట్‌కు వెళ్ళి, మొదట కనబడ్డ మాంసం కౌంటర్ ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ఏమి కావాలి, గర్ల్?" అని పలకరించాడు అతను. కార్క్‌లో ఆడవాళ్ళను వయసుతో నిమిత్తం లేకుండా అలాగే పిలుస్తారు. ఎనభై ఏళ్ళ ముసలమ్మకూ అదే పిలుపు, నాకూ అదే పిలుపు. నా కథంతా విని, ఎంతమంది తింటారు, పిల్లల వయసెంత, గిన్నె ఎంత పెద్దది అని మూడు ప్రశ్నలు వేశాడు. నేను వేలు చూపించిన పెద్ద ముక్కను పక్కన పెట్టి, కాలర్ అనే భాగం నుంచి చిన్న ముక్క కోశాడు. అది భుజం వైపు మాంసం. కొవ్వు సన్నని చారల్లా లోపలంతా ఉంటుంది కాబట్టి ఎండిపోదు. తరువాత పద్ధతి చెప్పాడు. చన్నీళ్ళలో వేసి నెమ్మదిగా మరగనివ్వాలి. పైకి తెల్లటి తెట్టు తేలుతుంది. ఆ నీళ్ళు మొత్తం పారబోసి, మళ్ళీ చన్నీళ్ళు పోసి మొదలుపెట్టాలి. ఈసారి మరిగిన నీళ్ళను చెంచాతో రుచి చూడాలి. ఇంకా ఉప్పగా ఉంటే అవీ పారబోయాలి. ఆ తరువాతే అసలు ఉడకడం మొదలు. పౌను బరువుకు (దాదాపు 450 గ్రాములు) 20 నిమిషాలు, మొత్తం మీద ఇంకో 20 నిమిషాలు. చివర్లో ముక్కను బయటికి తీసి, ఆ నీళ్ళలోనే క్యాబేజీ వేయాలి. క్యాబేజీకి వేరే ఉప్పు అక్కర్లేదు.

వెనకాల నలుగురు వరుసలో నిలబడి ఉన్నా అతను తొందరపడలేదు. వరుసలో ఉన్న పెద్దాయన ఒకరు, పార్స్‌లీ సాస్ మరిచిపోవద్దని నాకు గుర్తు చేశారు. వెన్న, మైదా వేయించి, పాలు పోసి చిక్కబడ్డాక, తరిగిన పార్స్‌లీ గుప్పెడు వేస్తే అయిపోతుంది. ఆ ఆదివారం మధ్యాహ్నం మా పాప రెండుసార్లు వడ్డించుకుంది.

మార్కెట్ గురించి కొంచెం చెప్పాలి. గ్రాండ్ పరేడ్ వైపు నుంచి ఒక ద్వారం, ప్రిన్సెస్ వీధి వైపు నుంచి ఇంకొకటి ఉన్నాయి. 1788 నుంచి అక్కడ వ్యాపారం నడుస్తోంది. ఐర్లండ్ నడిబొడ్డున దీనికి ఇంగ్లిష్ పేరేమిటని మా బాబు అడిగాడు. అప్పట్లో నగరపాలన ఇంగ్లండ్ పక్షాన ఉన్న ప్రొటెస్టెంట్ల చేతిలో ఉండేది. వాళ్ళు కట్టించింది కాబట్టి ఇంగ్లిష్ మార్కెట్ అయింది. తరువాత మామూలు జనం కోసం వచ్చిన సెయింట్ పీటర్స్ మార్కెట్‌ను ఐరిష్ మార్కెట్ అనేవారు. ఆ రెండోది ఇప్పుడు మార్కెట్‌గా లేదు. ఇది మాత్రం నిలిచింది. ప్రిన్సెస్ వీధి వైపు ఉన్న ఎత్తైన కప్పు భాగం సర్ జాన్ బెన్సన్ రూపకల్పన, 1862 నాటిది. 1980లో అగ్నిప్రమాదంలో కాలిపోతే నగరపాలక సంస్థ దాన్ని తిరిగి కట్టించింది. 2011 మే నెలలో ఎలిజబెత్ రాణి వచ్చి చేపల వ్యాపారి పాట్ ఓకానెల్ కొట్టు ముందు నిలబడి నవ్విన ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఇప్పటికీ యాత్రికులు అక్కడ ఆగి ఫోటోలు తీసుకుంటారు. పదకొండు దాటాక వాళ్ళను దాటుకుని సంచితో నడవడం కష్టం. తొమ్మిదికే వెళ్ళండి. అప్పుడైతే కొట్టువాళ్ళకూ మాట్లాడే తీరిక ఉంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది స్ట్యూ. దాని గురించి వివరంగా రాస్తాను.

మొదట మార్కెట్ పై అంతస్తులో ఉన్న ఫార్మ్‌గేట్ కేఫ్‌లో కూర్చుని ఒక గిన్నెడు తిన్నాను. వంట నేర్చుకునేముందు రుచి ఎలా ఉండాలో నాలుకకు తెలియాలి కదా. కింద కొట్లలో కనబడిన సరుకే పైన పళ్ళెంలోకి వస్తుంది. అక్కడి నుంచి దిగి తిన్నగా మాంసం కౌంటర్‌కు వెళ్ళి గొర్రె తొడ మాంసం అడిగాను. తొడ వద్దు, జిగట్ చాప్స్ తీసుకో అన్నారు. పలక మీద ఆ మాటను ఫ్రెంచి స్పెల్లింగుతో రాసి ఉంది. ఫ్రెంచిలో దాని అర్థం తొడ అట. ఐర్లండ్‌లో మాత్రం భుజం నుంచి ఎముకతో సహా అడ్డంగా కోసిన ముక్కలను అలా పిలుస్తారు, జిగట్ అని పలుకుతారు. ఆ మాట వినగానే నాకు భలే సంతోషం వేసింది. మన జిగటకూ దానికీ చుట్టరికం లేకపోయినా పేరు సరిగ్గా సరిపోయింది. గంటన్నర సన్న సెగ మీద ఉడికాక ఆ ఎముక చుట్టూ ఉన్న జిగట అంతా పులుసులోకి దిగుతుంది. పెదవులు ఒకదానికొకటి అంటుకుంటాయి.

మా నలుగురికి కిలో చాప్స్, కిలో పైన బంగాళాదుంపలు, మూడు పెద్ద ఉల్లిపాయలు పడతాయి. మాంసం వేయించకూడదు. అడుగున సన్నగా తరిగిన దుంపలు, వాటి మీద ఉల్లిపాయలు, వాటి మీద చాప్స్, థైమ్ రెమ్మ ఒకటి, ఉప్పు, మిరియాలు. మునిగీ మునగనట్టు నీళ్ళు. అన్నిటికంటే పైన, సగానికి కోసిన పెద్ద దుంపలు. అవి నీళ్ళలో మునగవు, ఆవిరి మీద ఉడుకుతాయి. మూత బిగించి మంట బాగా తగ్గించాలి. అడుగున వేసిన దుంపలు కరిగి పులుసును చిక్కబరుస్తాయి, పైవి పువ్వులా విచ్చుకుని పళ్ళెంలోకి వస్తాయి. ఇదంతా కూరగాయల కొట్టు ఆవిడ నాకు రెండు రకాల దుంపలు చేతిలో పెట్టి వివరించింది.

క్యారెట్ వేయాలా వద్దా అన్నది అక్కడ పెద్ద తగవు. మాంసం కొట్టు అతను వద్దంటాడు, దుంపల ఆవిడ వేయమంటుంది. నేను రెండు విధాలా చేశాను. క్యారెట్ వేస్తే తీపి ఎక్కువై గొర్రె వాసన వెనక్కి పోతుంది. నా ఓటు క్యారెట్ లేకుండా చేసిన తెల్లటి స్ట్యూకే. మొదటిసారి మూత తీసినప్పుడు ఆ రంగు చూసి నా చేయి మసాలా డబ్బా మీదికి పోయింది. ఆపుకున్నాను. ఆపుకున్నందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. నీళ్ళు, ఉల్లి, దుంప, ఎముక తప్ప ఇంకేమీ లేని ఆ పులుసులో గొర్రె మేసిన గడ్డి కూడా తెలుస్తుందా అనిపించింది. రాత్రి మిగిలింది మర్నాటికి ఇంకా రుచిగా ఉంటుంది. పైన పేరుకున్న కొవ్వు పొరను చెంచాతో తీసేయడం కూడా అప్పుడు సులువు. చాప్స్‌కు నాకు ఆ రోజు 15 యూరోల దాకా అయింది. రెండు పూటలకు వచ్చింది.

బంగాళాదుంపల విషయంలో ఇక్కడివాళ్ళ పట్టింపు చూసి మొదట ఆశ్చర్యపోయాను. కిలో దుంపలు ఇవ్వండి అంటే ఎవరూ ఇవ్వరు. దేనికి అని అడుగుతారు. ఉడికించడానికా, మెదపడానికా, స్ట్యూకా, వేయించడానికా? రూస్టర్, కెర్స్ పింక్, గోల్డెన్ వండర్, ఎండాకాలం మొదట్లో వచ్చే క్వీన్స్, ఇలా దేనిదారి దానిదే. ఎర్రతోలు రూస్టర్ ఏడాది పొడవునా దొరుకుతుంది. అది కార్లో జిల్లాలోని ఓక్ పార్క్ పరిశోధన కేంద్రంలో పుట్టిన రకం. ఇక్కడివాళ్ళకు దుంప పిండి పిండిగా ఉండాలి. ఉడికాక తోలు పగిలి, లోపల తెల్లగా పొడి రాలుతూ కనబడాలి. మంచి దుంపను పిండి ఉండ అని మెచ్చుకుంటారు.

ఉడికించే పద్ధతి కూడా నేను అంతకుముందు చేసినట్టు కాదు. తోలు తీయకుండానే ఉప్పు నీళ్ళలో వేసి, సగం ఉడికాక నీళ్ళు దాదాపుగా వంపేసి, మూత పెట్టి, మిగిలిన ఆవిరి మీదే మగ్గనివ్వాలి. నీళ్ళలో నానిపోని దుంపకూ నానిన దుంపకూ ఎంత తేడా ఉంటుందో ఒకసారి రెండూ పక్కపక్కన చేసి చూడండి.

ఆ పట్టింపు వెనక పెద్ద దుఃఖం ఉంది. 1845లో తెగులు వచ్చి దుంప పంట కుళ్ళిపోయింది. అది ఒక్క ఏడాదితో పోలేదు. పేదవాళ్ళు దాదాపు ఆ ఒక్క పంట మీదే బతికేవాళ్ళు. పది లక్షల మంది దాకా చనిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. పశ్చిమ కార్క్‌లోని స్కిబెరీన్ ప్రాంతం దారుణంగా దెబ్బతింది. అక్కడి ఆబీస్ట్రూరీ స్మశానంలో వేలమందిని కలిపి పూడ్చిన చోటు ఉంది. పోయిన వేసవిలో పిల్లలను తీసుకెళ్ళాం. పచ్చగడ్డి తప్ప ఏమీ లేని ఆ నేల ముందు నిలబడి వచ్చాక, మా పాప పళ్ళెంలో దుంప వదిలేయడం మానేసింది.

కోల్‌కానన్ ఈ దుంపలతోనే. మెదిపిన దుంపల్లో ఉడికించి తరిగిన కేల్ ఆకు కలపాలి. క్యాబేజీతోనూ చేస్తారు గానీ గిరజాల కేల్ వేస్తే రంగూ బాగుంటుంది, రుచీ గట్టిగా ఉంటుంది. పాలలో ఉల్లికాడలు వేసి మరిగించి, వేడిగానే పోసి మెదపాలి. చల్లటి పాలు పోస్తే దుంప బంకగా మారుతుంది. పళ్ళెంలో కుప్పగా పెట్టి, నడుమ గుంట చేసి, అందులో పెద్ద వెన్న ముక్క వేస్తారు. ఒక్కో ముద్దనూ అంచు నుంచి తీసి ఆ కరిగిన వెన్నలో ముంచుకుని తింటారు. హాలోవీన్‌కు అందులో కాగితంలో చుట్టిన నాణేలు దాస్తారు. మా పిల్లలు ఆ రాత్రి అడిగి మరీ మూడోసారి పెట్టించుకున్నారు, కడుపు నిండినా సరే. బ్రాక్ మాత్రం రొట్టెల కొట్టులోనే కొన్నాను. చిక్కటి టీలో ఎండు ద్రాక్ష నానబెట్టి చేసే రొట్టె అది. లోపల ఒక ఉంగరం దాస్తారు, అది దొరికినవాళ్ళకు ఏడాదిలో పెళ్ళవుతుందని నమ్మకం. ఆరేళ్ళ మా బాబుకు దొరికింది. ఇప్పటికీ అతని పెన్సిళ్ళ డబ్బాలో ఉంది.

వెన్న గురించి రెండు మాటలు. 18, 19 శతాబ్దాల్లో కార్క్ వెన్న చెక్క పీపాల్లో సముద్రాలు దాటి వెళ్ళేది. కార్క్‌లోనే షాండన్ అనే పేట దగ్గరి వెన్న మార్కెట్ 1770లో మొదలై 1924 దాకా నడిచింది. వెన్నకు నాణ్యతను బట్టి తరగతులు ఇచ్చేవారు. ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది, పిల్లలకు నచ్చుతుంది. ఇంగ్లిష్ మార్కెట్‌లో మీరు తప్పక అడగవలసింది వెన్న పూసిన కోడిగుడ్లు. అప్పుడే పెట్టిన గుడ్డు వేడిగా ఉండగానే అరచేతుల్లో వెన్న రాసుకుని దాన్ని దొర్లిస్తారు. పెంకు చల్లబడేలోగా వెన్నను పీల్చుకుంటుంది. ఫ్రిజ్‌లు లేని కాలంలో గుడ్డు నిలవ ఉండడానికి పుట్టిన పద్ధతి. ఆ గుడ్లు దీపం కింద పాలరాయిలా మెరుస్తాయి. ఉడకబెట్టి ఉప్పు అద్దుకుని తినండి, చాలు.

తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. ఐరిష్ వంట అంటే గొడ్డు మాంసమే అనుకుని చాలామంది ఆ దరిదాపులకు పోరు. మా ఇంట్లోనూ గొడ్డు మాంసం తినం. మాంసం కొట్టు అతనికి ఆ మాట మొహమాటపడుతూ చెప్పాను. అతను వెంటనే, ఇక్కడి పాతకాలపు మామూలు ఇళ్ళలోనూ అది అరుదేనని అన్నాడు. కార్క్ రేవు నుంచి ఉప్పువేసిన గొడ్డు మాంసం ఓడల కొద్దీ బ్రిటిష్ నౌకాదళానికీ, వెస్టిండీస్‌కూ పోయేది. దాన్ని తయారుచేసిన ఊరి జనానికి కొనే స్తోమత ఉండేది కాదు. వాళ్ళ ఇళ్ళలో ఉండేది పంది మాంసం, పాలు, దుంపలు, క్యాబేజీ. సెయింట్ పాట్రిక్ పండుగకు కార్న్డ్ బీఫ్ (ఆ ఉప్పువేసిన గొడ్డు మాంసమే) తినడం అమెరికాకు వెళ్ళిన ఐరిష్ వాళ్ళు అలవాటు చేసుకున్నది. ఆ ఎగుమతుల నాటి గుర్తుగా కార్క్‌లో క్రిస్మస్‌కు మసాలా పట్టించిన స్పైస్డ్ బీఫ్ మాత్రం మిగిలింది. డిసెంబరులో దానికోసం పెద్ద వరుసలుంటాయి, అవసరం లేనివాళ్ళు ఆ వారాల్లో మధ్యాహ్నం పూట వెళ్ళకపోవడమే మేలు. ఇంకో సంగతి. డ్రిషీన్ అనే కార్క్ వంటకం రక్తంతో చేసేది, గొర్రె రక్తంతో పాటు ఆవు రక్తమూ కలుపుతారు. పేరు చూసి సాసేజ్ అనుకుని కొనకండి. ఏది తినరో ముందే చెబితే అక్కడ ఎవరూ చిన్నచూపు చూడరు. పంది మాంసం కూడా తిననివాళ్ళకు గొర్రె, చేప చాలు. చేపల కొట్లలో పొగపెట్టిన హాడక్ చేప అడగండి. పాలు, దుంపలు, ఉల్లితో కలిపి అరగంటలో చౌడర్ అనే చిక్కటి సూప్ అయిపోతుంది. పసుపు రంగు వేసినది కాకుండా రంగు వేయనిది తీసుకోండి.

శాకాహారులకు కోల్‌కానన్ ఉంది, సోడా బ్రెడ్ ఉంది.

సోడా బ్రెడ్ నాకు ఇంకా ఎక్కువ సమయం తీసుకుంది. నాలుగే వస్తువులు కదా అనిపిస్తుంది: పిండి, ఉప్పు, బ్రెడ్ సోడా, బటర్‌మిల్క్. బ్రెడ్ సోడా అంటే మన వంట సోడాయే, ఇక్కడి పేరు అది. బేకింగ్ పౌడర్ వేరు, ఆ రెంటినీ కలగలపకండి. ఐర్లండ్ చల్లటి తేమ వాతావరణంలో పండే గోధుమ మెత్తనిది, సాగే గుణం తక్కువ. ఈస్ట్‌తో పొంగే రొట్టెకు అది బలం చాలదు. 19వ శతాబ్దంలో సోడా చౌకగా దొరకడం మొదలయ్యాక ఆ మెత్తటి పిండికి తోడు దొరికినట్టయింది. వెన్న చిలికాక మిగిలే పుల్లటి మజ్జిగ ప్రతి రైతు ఇంట్లోనూ ఉండేది. ఆ పులుపు సోడాతో కలవగానే గాలి బుడగలు పుడతాయి, అవే రొట్టెను లేపుతాయి. ఆ బుడగలు ఎక్కువసేపు ఆగవు. కలిపిన వెంటనే ఓవెన్‌లో పెట్టాలి. ఇప్పుడు డబ్బాల్లో అమ్మే బటర్‌మిల్క్ తోడు వేసి చేసినది, చిక్కగా ఉంటుంది.

మొదటి మూడు రొట్టెల్లో గోధుమ రంగు మచ్చలు వచ్చాయి, కొరికితే సబ్బు రుచి. నాలుగోసారికి ఒక రొట్టె ముక్క సంచిలో వేసుకుని మార్కెట్‌కు తీసుకెళ్ళాను. రొట్టెల కొట్టు అమ్మాయి దాన్ని విరిచి, మచ్చ మీద గోరు పెట్టి, సోడా జల్లించలేదు కదూ అంది. నిజమే. ఉండలు కట్టిన సోడా పులుపుతో కలవక అక్కడే ఉండిపోయింది. రెండో తప్పు, నేను ముద్దను చపాతీ పిండిలా మర్దన చేస్తున్నాను. ఆమె కుడిచేతి వేళ్ళు గద్ద గోళ్ళలా విప్పి, గాలిలోనే గుండ్రంగా తిప్పి చూపించింది. అంతే కలపాలి, అర నిమిషం. ముద్ద తడిగా, వికారంగా ఉన్నా పట్టించుకోకూడదు.

నా కొలత ఇది: 450 గ్రాముల మైదా, చెంచాకు సమంగా ఒక టీస్పూను సోడా, ఒక టీస్పూను ఉప్పు, 350 నుంచి 400 మిల్లీలీటర్ల బటర్‌మిల్క్. గుండ్రంగా సర్ది, పైన శిలువ గుర్తు లోతుగా గీయాలి. లోపలి దేవకన్యలు బయటికి పోవడానికని ఇక్కడి పెద్దలు చెబుతారు. వేడి నడిమి దాకా చేరడానికి కూడా అది పనికొస్తుంది. 230 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, తరువాత 200కు తగ్గించి ఇంకో 30 నిమిషాలు.

మార్కెట్ గురించి నాకున్న అసంతృప్తులు రెండే. ఆదివారాలు, సెలవు రోజుల్లో మూసి ఉంటుంది. మిగతా రోజుల్లో సాయంత్రం ఆరు దాకా. ఉద్యోగాలు చేసేవాళ్ళకు శనివారం ఒక్కటే గతి. రెండోది ఖర్చు. ఇంటికి కావలసినవన్నీ అక్కడే కొనాలంటే మా బడ్జెట్ సరిపోదు. మైదా, సోడా, బటర్‌మిల్క్, ఉల్లిపాయలు ఇంటి దగ్గరి దుకాణంలోనే తెచ్చుకుంటాను. మాంసం, చేప, గుడ్లు, దుంపలు మాత్రం అక్కడే. మొదటిసారి వెళ్ళేవాళ్ళు స్ట్యూ సరుకుతో మొదలుపెట్టండి. జిగట్ చాప్స్, రెండు రకాల దుంపలు, థైమ్, పార్స్‌లీ, అన్నీ కలిపి నాకు 25 యూరోలలోపే అయింది. కారులో వెళ్ళకండి, బస్సులో వెళ్ళండి. అయిదు నక్షత్రాలకు నేను నాలుగున్నర ఇస్తాను. ఆదివారం ఒక్క పూట తెరిస్తే ఆ అర కూడా ఇచ్చేస్తాను.

మా పక్కింటి పెద్దావిడకు ఎనభై రెండేళ్ళు. మాక్రూమ్ అనే ఊరి దగ్గర పొలంలో పెరిగారు. వాళ్ళమ్మగారు ఓవెన్ లేకుండా, బాస్టిబుల్ అనే ఇనప గిన్నెలో, మూత మీద నిప్పులు పేర్చి రొట్టె కాల్చేవారట. నా మచ్చల రొట్టెలు ఒక్కటీ ఆవిడకు చూపించలేదు. మచ్చలు పోయి, పైపెచ్చు బంగారు రంగు తేలిన రోజు, ఇంకా వేడిగా ఉండగానే తువ్వాలులో చుట్టి తీసుకెళ్ళాను. ఆవిడ బల్ల దగ్గర కూర్చుని రొట్టెను బోర్లించారు. వేలి కణుపుతో అడుగున రెండుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. డొల్లగా మోగింది, నాకూ వినబడింది. ఆవిడ ఏమీ అనలేదు. లేచి ఫ్రిజ్ తెరిచి వెన్న బయటికి తీశారు.